గుట్ట మూలకు కాపలా ఎవరు

కొత్తగా క్యాంపస్ ప్లానింగ్ పనిలోకి వచ్చే పిల్లలకు ముందే ఒక మాట చెప్పేస్తాను. ఉద్యోగం చేసినన్నాళ్లలో ‘ఇది నేను కట్టించాను’ అని చూపించుకోవడానికి నాకు గట్టిగా రెండు భవనాలు కూడా లేవు. నేను కట్టనివ్వని భవనాలు మాత్రం బోలెడు. వాటి జాగాలు ఇప్పటికీ గాలాడుతూ, తంగేడు పొదలతో, పరుపు బండలతో ఖాళీగా ఉన్నాయి. బస్సులో అటు పక్కగా పోతుంటే కిటికీకి ముఖం ఆనించి చూస్తాను. పక్క సీటువాళ్లు కూడా మెడ చాచి చూస్తారు, ఏమీ కనిపించక మళ్లీ సెల్‌ఫోన్‌లో పడతారు. నాకేమో ఆ పూటంతా పండుగలాగే ఉంటుంది.

నా పేరు సుగుణ. మాది కేతేపల్లి. నాయిన రోడ్డు పనుల్లో కంకర కొట్టేవాడు. అమ్మ కూలికి పోయేది, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది. గజం జాగా లేని ఇంట్లో పుట్టి, వందల ఎకరాల్లో ఎక్కడ ఏం రావాలో చెప్పే ఉద్యోగంలో చేరాను. మా నాయిన దీన్ని తలుచుకొని తలుచుకొని నవ్వేవాడు. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి ఇక్కడ రాయను. అవి ఏ ఆఫీసులోనైనా ఒకేలా ఉంటాయి. ఒక్క ఆడపిల్లల హాస్టల్ కథ రాస్తాను. ఈ పనిలో నేర్చుకోవలసింది చాలావరకు అందులోనే ఉంది.

మొదటి నడక

తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాల నడుమ ఉన్న ఒక యూనివర్సిటీలో ప్లానింగ్ ఇంజనీరుగా చేరాను. దాని పేరు రాయను. రానున్న ముప్పై ఏళ్లకు క్యాంపస్ ఎట్లా పెరగాలో గీసి ఇవ్వడం నా పని.

చేరిన రోజే సైట్ ఇంజనీరు జహంగీర్‌ను వెంటబెట్టుకొని నడవడానికి బయలుదేరాను. జహంగీర్ మోత్కూర్ మనిషి. ఏది అడిగినా ముందు “ఫికర్ చేయకున్రి మేడం” అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఫికర్ మొదలయ్యేది. ఆ రోజు తొలకరి పడి వెలిసింది. తూర్పున హైవే, నైరుతి మూలన ఒక గుట్ట, ఆ రెంటి మధ్య ఎర్రనేల. గుట్ట మీద నుంచి వాననీళ్లు పరుపు బండ మీదుగా పలుచగా జారి ఈశాన్యం వైపు ఒక పల్లంలోకి పోతున్నాయి. నేను చెప్పులు చేతబట్టుకొని నీళ్ల వెంట నడవడం మొదలుపెట్టాను.

“మేడం, జీపుల పోదాం. గీ బురదల ఎందుకు?” అన్నాడు జహంగీర్.

“జీపులో కూర్చుంటే వాలు తెలుస్తదా?” అన్నాను.

సాయంత్రానికి చీర అంచు నిండా పల్లేరుకాయలు. కానీ నీళ్లు ఎటు పోతాయో తెలిసింది, బండ ఎక్కడ పైకి ఉందో తెలిసింది, పడమటి గాలి ఎక్కడ తగులుతుందో తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషంతోనే. ఇంత నేల, ఇంకా ఎవరూ పాడుచేయని నేల, నా కాగితం కోసం ఎదురుచూస్తోందనిపించింది.

పిల్లలూ, ఉపగ్రహ చిత్రం మీద గీత గీసేముందు వానలో ఒకసారి, మే నెల ఎండలో మధ్యాహ్నం ఒకసారి సైటు నడవండి. రెండోసారి చేతిలో పుస్తకాల సంచి కూడా ఉండాలి. ఇది నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, కాళ్లు కాలి నేర్చుకున్నాను.

నవారు లేని మంచం

నా సంబరానికి మర్నాడే గండి పడింది. ఎవరూ పాడుచేయలేదని అనుకున్న నేలను సగం అప్పటికే పాడుచేసి పెట్టారు. మొదటిరోజు కన్నంతా నీళ్ల మీదే ఉండి పట్టించుకోలేదు గానీ, నేను చేరేసరికే మూడు మూలల్లో మూడు భవనాలు లేచి ఉన్నాయి. హైవే పక్క మూలలో ఆఫీసు, ఇంకో మూలలో సైన్స్ బ్లాకు, మరో మూలలో అబ్బాయిల హాస్టల్. నడుమ ఏమీ లేదు. మంచానికి కోళ్లు బిగించి నవారు అల్లడం మరిచిపోయినట్టుంది. పిల్లలు క్లాసుకు పోవాలన్నా, అన్నానికి పోవాలన్నా ఎండలో పడి నడవాలి. అందుకని టౌన్ నుంచి షేర్ ఆటోలు లోపలికి వచ్చేవి. సైన్స్ బ్లాకు నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి హాస్టల్‌కు. యూనివర్సిటీ లోపల “ఒక్కరు, ఒక్కరు” అని పిలుస్తూ ఆటోలు తిరగడం నేను మరెక్కడా చూడలేదు.

ఇంతమంది చదువుకున్నవాళ్లు కలిసి ఈ తప్పు ఎట్లా చేశారని నేనూ మొదట నవ్వుకున్నాను. తరువాత అర్థమైంది. ఇది మన తావులోనే పుట్టగల తప్పు. మన దగ్గర ఖాళీ జాగా అంటే అందరికీ మొదట గుర్తొచ్చేది కబ్జా. ఇయ్యాల ఖాళీగా వదిలితే రేపు తెల్లసున్నం పూసిన రాళ్లు పాతి ఉంటాయి, ఎల్లుండి ఫలానా వెంచర్ అని బోర్డు లేస్తుంది. అందుకని మూలకో భవనం పెట్టి, భవనాన్నే కాపలాకు కూర్చోబెట్టారు. భూమి దక్కింది, క్యాంపస్ దక్కలేదు.

ఇందులో ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. సైన్స్ బ్లాకు సరిగ్గా ఆ చోటికి ఎందుకు వచ్చిందని జహంగీర్‌ను అడిగితే నిజం చెప్పేశాడు.

“శంకుస్థాపనకు పెద్దోళ్లొచ్చిన్రు మేడం. టెంటు వేసెటందుకు గాడనే చదునుగ ఉండె. టెంటు కాడ రాయి పాతిన్రు, రాయి కాడ బిల్డింగు కట్టిన్రు.”

టెంటు వాళ్లు చేసిన ప్లాను అన్నమాట. నవ్వకండి, మీకూ ఎదురవుతుంది. శంకుస్థాపన తేదీ తెలియగానే టెంటు సామాన్ల లారీ కంటే ముందు మీరు సైటు మీద ఉండాలి.

ఇక నాలుగో మూల, గుట్ట కింది మూల. అక్కడ ఆడపిల్లల హాస్టల్ కట్టాలని అప్పటికే అనుకున్నారు. దాన్ని అక్కడి నుంచి తప్పించే పని నేను వాస్తు పెద్దమనిషి దగ్గర మొదలుపెట్టాను. నైరుతిలో బరువుండాలి కాబట్టి హాస్టల్ అక్కడే ఉండాలని ఆయన రాసిచ్చారట. “అయ్యా, నైరుతిలో గుట్టనే ఉంది. అంతకంటే బరువు యూనివర్సిటీ ఎక్కడి నుంచి తెస్తది?” అన్నాను. ఆయన గుట్ట వైపు చూసి, “అమ్మా, మాట నిజమే. దేవుడే పెట్టిండు” అని సంతోషంగా ఒప్పుకున్నారు. వాస్తు వాళ్లతో కొట్లాడకండి. వాళ్ల మాటల్లో మనకు పనికొచ్చేది సగం ఉంటుంది, వెతుక్కోవాలి. కానీ కబ్జా భయం వాస్తుకంటే మొండిది. అది అట్లా ఒప్పుకొనేది కాదు.

ఫంక్షన్ హాలు మీది గదులు

అప్పటికి ఆడపిల్లలు టౌన్‌లో ఒక కిరాయి భవనంలో ఉండేవాళ్లు. కింద ఫంక్షన్ హాలు, పైన పిల్లల గదులు. పెళ్లిళ్ల రోజుల్లో డీజే మోత మధ్య పరీక్షలకు చదివేవాళ్లు. ఇప్పుడు ఓనరు పై అంతస్తు కూడా ఫంక్షన్ హాలులో కలిపేస్తానని, రెండేళ్లలో ఖాళీ చేయమని చెప్పాడు.

హాస్టల్‌లో ఏమేం కావాలో అడగడానికి ఒకరోజు అక్కడికి పోయాను. పిల్లలంతా మంచాల మీద చుట్టూ కూర్చున్నారు. ఫ్యాన్లు కావాలన్నారు, అద్దాలు కావాలన్నారు, మంచి పప్పు కావాలన్నారు. రేణుక అనే పిల్ల మాత్రం ఏమీ అడగలేదు. ఐదేళ్ల ఎమ్మెస్సీలో మొదటి సంవత్సరం. అచ్చంపేట అవతల నల్లమల అంచున వాళ్ల గూడెం. ఆ గూడెం నుంచి యూనివర్సిటీకి వచ్చిన మొదటి ఆడపిల్ల.

“నీకేం కావాలమ్మా?” అన్నాను.

“హాస్టల్ యాడ కడ్తరు మేడం?” అంది.

“గుట్ట కింద అంటున్నారు.”

“గట్లయితే నేనుండ మేడం. మా బాపు తీస్కపోతడు. మొన్న చూడనీకి వచ్చినప్పుడే చెప్పిండు.”

ఇంకో నలుగురు “మా ఇంట్ల కూడ గంతే మేడం” అన్నారు.

తరువాతి నెలలో రేణుక బాపు లింగయ్య మళ్లీ వచ్చినప్పుడు నేనే పోయి కలిశాను. సన్నటి మనిషి, భుజం మీద తువ్వాల, మాట తక్కువ. ఆయనను గుట్ట మూలకు తీసుకుపోయి చూపించాను. నాకు లోపల ఒక ధీమా ఉండేది. అడవి అంచున బతికే మనిషి ఈ చిన్న గుట్టకు భయపడతాడా అని.

“అన్నా, అడవిలో ఉండేవాళ్లు మీరు. ఇది చూస్తే భయమా?” అన్నాను.

“అడవికి భయం లేదమ్మా. అడవిల ఏ తొవ్వ మీద ఎవలు ఎదురైతరో మాకెర్కనే. గీడ చూడు. కాలేజి నుంచి గీ మూల దాంక తొవ్వ మీద మనిషే లేడు. నా బిడ్డ కూత పెడితే ఎవలు ఇనాలె?” అన్నాడు.

ఆయన చదువు వద్దనడం లేదు. కూతురు చదవాలనే ఉంది ఆయనకు. హాస్టల్ ఎక్కడన్నదే ఆయన ప్రశ్న. నేను గీసే ఒక చిన్న చతురస్రం గుట్ట కింద పడితే రేణుక అచ్చంపేట బస్సెక్కుతుంది, నడుమ పడితే చదువుకుంటుంది. అప్పటిదాకా ప్లానింగ్ అంటే నాకు నేల మీద ప్రేమ. ఆ రోజు నుంచి కోపం కూడా కలిసింది.

ఇంటికొచ్చి ట్రేసింగ్ కాగితం పరిచాను. క్యాంపస్ నడిబొడ్డున లైబ్రరీ, దాని పక్క ఆడపిల్లల హాస్టల్, ఎదురుగా మెస్, అటు ఇటు కొత్త క్లాసులు. అబ్బాయిలూ అమ్మాయిలూ పంతుళ్లూ అందరూ ఒకే తోవ మీద పొద్దంతా ఎదురుపడేటట్టు. కొత్త భవనాలు నడుమ మొదలై బయటికి పెరగాలి, అంచులు రాబోయే తరాలకు వదలాలి. మంచానికి నవారు దొరికింది.

వీసీ గారి ప్రశ్న

మా వీసీ గారి గురించి రెండు మాటలు. చెడ్డ బాసుల గురించి రాయడం సుళువు, ఆయన చెడ్డ మనిషి కాడు. అంతకు ముందు పనిచేసిన చోట కళ్లముందే కబ్జాలో జాగా పోయిందట. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి జుట్టు నెరిసిందని ఆయనే చెప్పేవారు. నా కాగితం చాలాసేపు చూశారు.

“మంచిగున్నది సుగుణ గారు. నడుమ హాస్టల్ ఉంటే పిల్లలకు మంచిదే, నాకూ తెలుసు. గానీ గుట్ట మూల ఎవరు చూస్తరు?”

“వాచ్‌మన్‌ను పెడదాం సార్.”

“మొన్న ఉగాదికి వాచ్‌మన్ ఉన్నడు. పొద్దున లేచేసరికి సున్నం రాళ్లు గూడ ఉన్నయి.”

“గోడ...”

“గోడకు వారంల సందు పడ్డది. మీరే చూసిన్రు.”

నిజమే. గోడ కట్టిన వారానికే పక్క ఊరివాళ్లు మేకలు పట్టేంత సందు చేశారు. ఆఫీసులో ఒకతను గుట్ట మీద మైసమ్మ గుడి కడితే ఎవరూ ముట్టరని సలహా ఇచ్చాడు. “గుడి కడితే కమిటీ వస్తది, కమిటీ వస్తే పార్కింగ్ అడుగుతది” అని వీసీ గారు కొట్టిపారేశారు.

“ఆ మూలకు కాపలా ఎవరో చెప్పున్రి. రేపే సంతకం పెడ్త. చెప్పలేకపోతే హాస్టల్ గాడనే కడ్త” అన్నారు.

ఈ మాట నాకు ఇప్పటికీ ఇష్టం. కాదు అని ఊరుకునే బాసు దగ్గర పనిచేయడం చావు. ఏం తెస్తే అవునంటాడో చెప్పే బాసు దొరికితే కాళ్లకు చక్రాలు కట్టుకొని తిరగవచ్చు. నేను అదే చేశాను.

బుచ్చమ్మ అడిగిన తాళంచెవి

గోడకు సందు పెట్టినవాళ్లు ఎవరో చూద్దామని గుట్ట అవతలి ఊరికి పోయాను. అక్కడి ఆడవాళ్లకు బుచ్చమ్మ పెద్ద దిక్కు. మహిళా సంఘం నడిపేది, నోరు కొంచెం పదును. ఇంటి అరుగు మీద కూర్చొని సీతాఫలాల గంప అల్లుతోంది.

“వచ్చిన్రా యూనివర్సిటోళ్లు. మా గుట్ట మింగిన్రు, ఇంకేం గావాలె?” అంది.

సంగతేమిటంటే గుట్ట నిండా సీతాఫలం చెట్లే. వాళ్ల అత్తల కాలం నుంచి దసరా ముందర ఆ ఊరి ఆడవాళ్లు కాయ తెంపి హైవే మీద గంపలు పెట్టుకొని అమ్ముకుంటున్నారు. యూనివర్సిటీ వచ్చాక వాచ్‌మన్ తరిమేవాడు. అందుకే గోడకు సందు. మేకలు వట్టి సాకు.

నేను గుట్ట వైపు చూశాను. పొద్దునా సాయంత్రం ఈ గుట్ట మీదికి కళ్లు తెరుచుకొని వచ్చే మనుషులు ఇంతమంది ఉన్నారు, మేమేమో వీళ్లను బయటికి నెట్టి ఆ మూలకు కాపలా ఎవరని తలలు బాదుకుంటున్నాం.

“అక్కా, కాయ మీరే తెంపుకోండి. చెట్టు కొట్టొద్దు. ఎవరన్నా టేపులు పట్టుకొని, రాళ్లు పాతనీకి వస్తే మాకు చెప్పాలె” అన్నాను.

“చెప్పుడు పెద్ద పనా. మరి మేమెట్ల రావాలె? గోడ దుంకాల్నా?”

“సందు ఉంది కదా.”

“దొంగల తీరుగ సందులకెల్లి ఎందుకొస్తం? గేటు పెట్టున్రి. తాళంచెవి మాకియ్యున్రి.”

“తాళంచెవి మీకిస్తే మా వీసీ గారు నన్ను ఇంటికి పంపిస్తరక్కా.”

“గట్లయితే నువ్వు గూడ మాతోని కాయలు తెంపు” అంది, అల్లుతున్న గంప వైపు నుంచి తల ఎత్తకుండానే.

వీసీ గారికి చెప్పినప్పుడు ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఎవరి నుంచి జాగా కాపాడుదామని గోడ కట్టారో వాళ్ల చేతికే తాళంచెవి ఇవ్వమంటున్నాను. జహంగీర్ కూడా ఈసారి ఫికర్ చేయకున్రి అనలేదు. చివరికి వీసీ గారు ఒక గడువు పెట్టారు. “ఈ ఒక్క పంట చూద్దాం. కాయ అయిపోయేదాకా ఒక్క రాయి గూడ పడొద్దు. పడ్డదా, హాస్టల్ గుట్ట కిందనే.”

చిన్న ఇనుప గేటు పెట్టించాను. తాళంచెవి బుచ్చమ్మ కొంగుకు ముడేసుకుంది.

బతుకమ్మ సెలవులు

కబ్జా చేసేవాళ్లకు క్యాలెండర్ బాగా తెలుసు. ఆఫీసులు మూసిన రోజులే వాళ్లకు పని రోజులు. బతుకమ్మ, దసరా సెలవులంటే వాళ్లకు సీజన్. మా పంటకూ అదే సీజన్. ఆ సెలవులకు నేను కేతేపల్లి పోయాను గానీ ప్రాణమంతా గుట్ట మీదే ఉంది. తింటున్నా గుట్టే, పడుకున్నా గుట్టే.

సద్దుల బతుకమ్మ నాడు తెల్లవారుతుండగా జహంగీర్ ఫోన్ చేశాడు.

“మేడం, గుట్ట కాడ జేసీబీ వచ్చింది. బుచ్చమ్మ ఫోన్ చేసింది. నేను మోత్కూర్ నుంచి బయలెల్లిన. మీరు జర ఫికర్...” అని ఆగాడు. “ఫికర్ చేయున్రి” అన్నాడు.

దొరికిన బండి పట్టుకొని పోయాను. తోవంతా నా కళ్లకు ఆ మూలన హాస్టల్ కనిపిస్తూనే ఉంది, దాని ముందు పెట్టె సర్దుకుంటూ రేణుక కనిపిస్తూనే ఉంది. సైట్ చేరేసరికి నేను అనుకున్నదేదీ లేదు. జేసీబీ గుట్ట కింద నిలబడి ఉంది, ఇంజను ఆగి ఉంది. దాని ముందు బుచ్చమ్మ, ఇంకో ముప్పై మంది ఆడవాళ్లు. కాయ కోసం వచ్చినవాళ్లు కారు. పండుగకు తంగేడు, గునుగు పూలకని చీకట్లోనే వచ్చారు. మా ఒప్పందంలో పూల ముచ్చటే లేదు. గేటు తాళం చేతిలో ఉంది కాబట్టి వచ్చారు, వచ్చారు కాబట్టి చూశారు. బుచ్చమ్మ గునుగు పూల మూట ఒళ్లో పెట్టుకొని జేసీబీ తొట్టిలోనే కూర్చుంది.

రాళ్లు పాతించడానికి వచ్చిన పెద్దమనిషి ఆమెకు నచ్చజెపుతున్నాడు. “అమ్మా, గీ జాగా మీది గాదు. యూనివర్సిటోళ్లది గూడ గాదు. కాయితాలున్నయి మా దగ్గర.”

“జాగా ఎవలిదో నాకేం తెల్సు బిడ్డా. కాయలు మావి. చెట్టు మీద బండి ఎక్కిస్తే నా మీదికెల్లి ఎక్కియ్యి” అంది బుచ్చమ్మ.

డ్రైవర్ అప్పటికే దిగి దూరంగా బండ మీద కూర్చున్నాడు. పండుగ పూట ఆడవాళ్ల ఉసురు పోసుకోనని చెప్పి బండి తాళం జేబులో వేసుకున్నాడట. వీసీ గారు, పోలీసులు వచ్చేసరికి రాళ్ల ట్రాక్టరు తిరిగి రోడ్డెక్కింది. ఒక్క రాయి కూడా నేలకు దిగలేదు.

వీసీ గారు తొట్టి దగ్గరికి నడిచి వచ్చి బుచ్చమ్మకు చేతులు జోడించారు. “మా జాగా కాపాడిన్రమ్మా” అన్నారు.

“మీ జాగా ఎందుకు కాపాడ్త సారూ. మా కాయలకు కూసున్న. జర పక్కకు జరుగు, పొద్దెక్కుతాంది, బతుకమ్మ పేర్చాలె” అని మూట నెత్తికెత్తుకొని వెళ్లిపోయింది.

నాకు అక్కడికక్కడే గంతులేయాలనిపించింది, నా వయసుకు తగదని ఊరుకున్నాను. ఆ సాయంత్రం వాళ్ల ఊళ్లో బతుకమ్మ ఆడి ఆ బాకీ తీర్చుకున్నాను. చర్చి పిల్లనైనా చప్పట్ల లయ నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. సెలవులయ్యాక ఆఫీసు తెరిచిన మొదటి రోజున వీసీ గారు నా కాగితం మీద సంతకం పెట్టారు.

ఆ మూల నేను రిటైరయ్యేదాకా ఖాళీగానే ఉంది, ఇప్పుడూ ఉంది. ఏడాదికోసారి కాయ దిగుతుంది, పూలు దిగుతాయి. ఏదో ఒకనాడు అక్కడ ఏదో కడతారు. కట్టాలి కూడా, దానికోసమే దాచాం. ఆ రోజు వచ్చే ప్లానరు ముందు బుచ్చమ్మ ఊరికి పోయి అడగాలని నా కోరిక.

తాడు

నడుమ లైబ్రరీ, మెస్, కొత్త క్లాసులు నడవడం మొదలైంది. హాస్టల్ కింది అంతస్తు పూర్తయిందో లేదో టౌన్‌లో ఫంక్షన్ హాలు ఓనరు తొందరపెట్టాడు. పైన ఇంకా సెంట్రింగు కర్రలుండగానే పిల్లలు సామాన్లతో దిగారు. రేణుక అప్పటికి మూడో సంవత్సరం.

ఆ రోజే లింగయ్య వచ్చాడు. అచ్చంపేట నుంచి బస్సులో వచ్చి, టౌన్‌లో ఒక ట్రాలీ ఆటోను కిరాయికి మాట్లాడుకొని నేరుగా హాస్టల్ ముందు దిగాడు. భుజం మీద పెద్ద చుట్ట తాడు. కూతురి పెట్టెను ట్రాలీకి కట్టడానికి తెచ్చుకున్నాడు. హాస్టల్ నడుమకు మారిందని రేణుక ఫోన్లో చెప్పిందట, ఆయన నమ్మలేదు. ప్లాన్లు మారతాయని ఆయనకు ఎవరో చెప్పారు. అది అబద్ధం కాదు మరి.

“బాపు, ఒకపారి చూడు. చూసినంక నీ ఇష్టం” అంది రేణుక.

ఆయన తాడు దించకుండానే బయలుదేరాడు. హాస్టల్ గడప నుంచి లైబ్రరీకి నడిచాడు. లైబ్రరీ నుంచి క్లాసులకు, అక్కడి నుంచి మెస్‌కు. వెనుక నేనూ రేణుకా. సాయంత్రం క్లాసులు వదిలారు. పిల్లలు గుంపులుగా ఎదురొస్తున్నారు, దాటిపోతున్నారు. వంటామె కూరగాయల సంచి మోసుకొని పోతోంది. ఒక పంతులుగారు సైకిల్ మీద గంట కొట్టుకుంటూ పోయారు. ఎవరో రేణుకను పేరు పెట్టి పిలిచారు, ఇంకెవరో చెయ్యి ఊపారు. లింగయ్య తోవ నడుమ నిలబడి కాసేపు వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ చూశాడు.

తిరిగి హాస్టల్ దగ్గరికి వచ్చేసరికి ఆటో డ్రైవర్ విసుగ్గా ఉన్నాడు.

“పెట్టె ఏది పెద్దాయనా? జల్దీ ఏస్కో.”

“పెట్టె లేదు. ఖాళీగనే పో” అన్నాడు లింగయ్య.

రేణుక ముఖం చూడాలని నేను తిరిగాను. ఆ పిల్ల అప్పటికే లోపలికి పరుగెత్తి, తడి బట్టల బకెట్టు తీసుకొని బయటికి వచ్చింది. పొద్దున ఉతికి, వెళ్లిపోతానేమోనని ఆరేయకుండా ఉంచిందట. ఆరేయడానికి చోటు కోసం అటూ ఇటూ చూసింది. ఎక్కడా లేదు. ముప్పై ఏళ్ల ముందుచూపుతో గీసిన ప్లానులో దండేనికి జాగా పెట్టడం ఆర్కిటెక్టుకూ తోచలేదు, నాకూ తోచలేదు.

లింగయ్య భుజం మీది చుట్ట దించాడు.

“గిది దండేనికి పనికొస్తది” అన్నాడు.

ఒక కొస రేణుక కిటికీ ఊచకు కట్టింది. రెండో కొస కట్టడానికి స్తంభం వెతుకుతూ ఆయన అటు పోయాడు, అప్పటిదాకా పట్టుకోమని తాడు నా చేతికిచ్చాడు. నేను రెండు చేతులతో గట్టిగా లాగి పట్టుకొని నిలబడ్డాను. రేణుక బట్టలు ఆరేయడం మొదలుపెట్టింది.